ఇసుకనేలలో ఇంటితోట – మంచినీటి జమాఖర్చులు

(పొడంపేటలో మన సంఘము ఏర్పరచిన సభలో చేసిన ప్రసంగపు పాఠము)



ఇంటితోటలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు మమ్ము కోరిరి. మేము వ్యవసాయ శాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తక్కెడ చేతబట్టినవారము. కావున తోటల సొగసును కవులవలె వర్ణింపజాలము. వర్తకునికి బాగుగ తెలిసిన మాటలు మూడు: జమ, ఖర్చు, నిల్వ. ఈ మూడు మాటలతోనే మన పెరళ్ళను గూర్చియు, వానికంటె ముఖ్యముగా మన బావులను గూర్చియు మనవి చేయుచున్నాము. సొగసైన తోటకును తియ్యని బావికిని పొత్తు కుదురునా యన్నది నేటి ప్రశ్న. కుదురునని మా నమ్మకము. కుదరని విధముగా తోట పెంచి నష్టపడినవారము గనుకనే మాకీ నమ్మకము కలిగినది.

మన యూరి సంగతి మీకు క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. ఋషికుల్యా నది సముద్రమున కలియు తావున ఒక ప్రక్క ఏరు, మరియొక ప్రక్క కడలి, నడుమ ఇసుక. ఈ శతాబ్దమున సముద్రపు కోతకు పాత పొడంపేట ఇండ్లు ఒకదాని వెంట ఒకటిగా కూలిపోయినవి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినపుడు గంజాము జిల్లాలో కొబ్బరులు, జీడిమామిళ్ళు, సరుగుడు తోపులు నేలకొరిగినవి. పాత వాడను విడిచి లోపలికి తరలివచ్చిన కుటుంబములకు గోడలు దొరికినవి, కప్పు దొరికినది. పెరడు మాత్రము దొరకలేదు. పాత వాకిట నుండిన మునగచెట్టును, గన్నేరును ఎవరును మూటగట్టి తెచ్చుకొనలేరు గదా! క్రొత్త ఇంటి చుట్టు బట్టబయలు ఇసుకయే మిగిలినది. ఆ ఇసుకను పచ్చగా చూడవలెనను కోరిక మన ఆడపడుచులలోను, పిల్లలలోను కలిగియున్నది. అది మంచి కోరిక. కాని ఏ మొక్కను, ఏ నీటితో పెంచవలెనను విచారము ముందుగా చేయవలెను.

మా తప్పును మొదట ఒప్పుకొందుము. ఇల్లు కట్టుకొన్న క్రొత్తలో మాకు పచ్చికబయలుపై మోజు కలిగినది. పట్టణములలో పెద్ద బంగళాల ముందు చూచివచ్చిన సొగసు అది. వీధివైపు పచ్చిక పరపించి, దాని యంచున గులాబీలు, క్రోటన్లు పెట్టించి, బోరు వేయించి, విద్యుత్తు మోటారు బిగించితిమి. మీట నొక్కిన నీరు వచ్చును. ఎంత వచ్చినదో లెక్కలేదు. లెక్కలేని ఖర్చు ఏ అంగడిని నిలువనిచ్చును? మొదటి వేసవి బాగుగనే గడచినది, చూడవచ్చినవారు మెచ్చుకొనిరి. రెండవ వేసవిలో, వైశాఖ మాసమున, పచ్చిక కొసలు మాడసాగినవి. నీరు చాలలేదేమో యనుకొని మరికొంత పెట్టితిమి. మరికొంత మాడినది. అప్పుడొకనాడు పొరుగింటి అవ్వ చెంబుతో నీరు తెచ్చి మా చేతికిచ్చి, "నాయనా, ఇది నోట పోసికొని చూడు" అన్నది. పోసికొంటిమి. ఉప్పు! అది ఆ వీధికంతకును త్రాగునీరిచ్చు బావిలోని నీరు. అవ్వ మమ్ము ఒక్క మాటయు అనలేదు. చెంబు తీసికొని వెడలిపోయినది. నాలుగు మాటలు తిట్టియున్నను మాకు బాగుండెడిది.

తరువాత తెలిసినవారి నడిగి కారణము తెలిసికొంటిమి. దానిని మీకును తెలుపుట మా విధి. సముద్రతీరపు ఇసుకలో మంచినీరు అంతులేని గని కాదు. కురిసిన వాన ఇసుకలోనికి ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలుచు నిలుచును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాలపై మీగడ కట్టినట్లే ఇదియు. 19వ శతాబ్దాంతమున హాలెండు దేశపు ఇంజనీరు బాడన్ గైబన్, 1901లో జర్మనీ దేశపు హెర్జ్‌బెర్గ్ వేర్వేరుగా దీని లెక్క గట్టిరి. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిచినచో, ఆ మట్టమునకు దిగువన ఇంచుమించు 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండును. వినుటకిది శుభవార్తయే. కాని లెక్క తిరుగబడినపుడు చూడుడు: పైన ఒక్క అడుగు తరిగినచో, కాలక్రమమున ఉప్పునీరు క్రిందినుండి 40 అడుగులు పైకి జరుగును. మోటారుతో ఒకేచోట బలముగా లాగినచో, ఆ చోటి క్రింద ఉప్పునీరు గోపురమువలె పైకి లేచును. మా యింట జరిగినది ఇదియే. ఈ మీగడ ఒక్క యింటి సొత్తు కాదు. మన ప్రహరీగోడలు నేలపైననే గాని నేల అడుగున హద్దురాళ్ళు లేవు. మా పచ్చికకు పెట్టిన నీరు మా నీరని మేము భ్రమపడితిమి. అది అవ్వ చెంబులోని నీరు.

ఇటువంటి చిక్కు లోకమున మనకే వచ్చినది కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరపు నీటి సంస్థవారు 1981లో నీటి పొదుపు తోటలకు ఒక పద్ధతి నేర్పరచి, దానికి 'జెరిస్కేప్' అని పేరిడిరి. గ్రీకు భాషలో 'జెరోస్' అనగా పొడి. తోటను ముందుగా కాగితముపై గీసికొనుట, నేలను బాగుచేయుట, పచ్చికను తగ్గించుట, నేలకు తగిన మొక్కలను ఎన్నుకొనుట, నీటిని పొదుపుగా పెట్టుట, నేలను ఆకులతో కప్పుట, శ్రద్ధగా సాకుట — ఇవి వారి సూత్రములు. వీనిలో మన అవ్వలకు తెలియనిది మిక్కిలి స్వల్పము. అయినను డెన్వరు వేరు, మన యూరు వేరు. వారికి వానయే తక్కువ. మనకు వాన తక్కువ కాదు. నాలుగైదు నెలలలో వచ్చి పోవుటయే మన చిక్కు. అందుచే మన లెక్క మనమే వ్రాసికొనవలెను.

ముందుగా జమ. గంజాము జిల్లాలో ఏటికి ఇంచుమించు 1,200 నుండి 1,300 మిల్లీమీటర్ల వాన కురియును. అందు అధికభాగము జ్యేష్ఠము చివరనుండి కార్తికములోపలనే. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. ఈ చిన్న లెక్కను పిల్లలకు కంఠస్థము చేయింపుడు. మీ యింటి కప్పు 40 చదరపు మీటర్లనుకొందము. 1,200 మిల్లీమీటర్ల వానకు దానిపై పడునది 48,000 లీటర్లు. అందు నాలుగవ వంతు చింది, కారి, ఆవిరియై పోయినను 36,000 లీటర్లు మిగులును. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ గ్రామములలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇయ్యవలెనని నిర్ణయించినది. ఆ లెక్కను ఐదుగురున్న కుటుంబమునకు రోజుకు 275 లీటర్లు. అనగా ఒక్క చిన్న కప్పుపై పడిన వాన ఆ కుటుంబమునకు 130 దినములకు సరిపడు నీరు. అది ఇప్పుడు చూరునుండి జారి వీధిలోనికి పోవుచున్నది.

ఇక ఖర్చు. వేసవిలో పచ్చికకు రోజుకు కనీసము 5 మిల్లీమీటర్ల నీరు పెట్టనిదే అది పచ్చగా నిలువదు. 55 చదరపు మీటర్ల పచ్చిక, అనగా ఇంచుమించు 600 చదరపు అడుగులు, రోజుకు 275 లీటర్లు త్రాగును. ఇప్పుడే మీరీ సంఖ్యను వింటిరి. ఐదుగురు మనుష్యుల నీటిని ఆ పచ్చిక ఒక్కటే త్రాగును; అదియు బావులు అడుగంటు చైత్ర వైశాఖములందే. దానివలన పూవు లేదు, కాయ లేదు, నీడయు లేదు. ఏ వర్తకుడైనను ఇట్టి సరకును కొట్టులో పెట్టుకొనునా? కావున మా మొదటి మాట ఇది: మన యూర పచ్చికబయళ్ళు వలదు. వాకిట శుభ్రముగా ఊడ్చిన తెల్లని ఇసుక, దానిపై ముగ్గు, నడుమ తులసికోట — ఇంతకంటె అందమైన ముంగిలి మేమెచ్చటను చూడలేదు. వలలు పరచుటకును, చేపలు ఎండబెట్టుటకును మనకా బయలు కావలయును గూడ.

తోట గీయుటకు పెద్ద విద్య అక్కరలేదు. పెరటిని మూడు పట్టీలుగా భావింపుడు. హద్దు వెంబడి నాటిన పిమ్మట నీరే అడుగని కంచె. నడుమ తొలి రెండేండ్లు సాకినచో తరువాత వానతోనే బ్రదుకు చెట్లు, పూలపొదలు. వంటింటికిని స్నానపు తావునకును ప్రక్కన మాత్రమే రోజును నీరు కోరు కూరమడి. దాహము కలవానిని ఒకచోట, లేనివానిని వేరొకచోట నాటవలెను. మల్లెచెట్టు ప్రక్కన తోటకూర పెట్టినచో తోటకూరకు పోసిన నీరు మల్లెకును పోవును, ఖర్చు రెట్టింపగును.

కంచెకు మొగలిని మించినది లేదు. ఒరియా సోదరులు దీనిని కియా యందురు. గంజాము, ఛత్రపురము, రంగైలుండ, చికిటి ప్రాంతములలో పొలముల గట్లపై ఇది తనంత తాను పెరుగుట మీరెరుగుదురు. గంజాము మొగలిపువ్వునకును, దాని పరిమళద్రవ్యమునకును దేశమున భౌగోళిక గుర్తింపు లభించినది. మొగలి ఉప్పుగాలికి జంకదు. ఊడలవంటి వేళ్ళు దింపి ఇసుకను పట్టి నిలుపును. ముండ్లుండుటచే పశువులు చొరవు. కొమ్మనుగాని పిలకనుగాని వానకాలమున నాటిన నాటుకొనును. మగచెట్టు పూవునకే ఆ పరిమళము గలదు గనుక, పూచిన మగచెట్టు పిలకనే అడిగి తెచ్చుకొనవలెను. మూడు నాలుగేండ్లకు పూత మొదలగును. అటుపిమ్మట వానకాలమున ఇల్లు పరిమళించుటయే గాక, పూవు అమ్ముకొనవచ్చును గూడ. నీరడుగక, సొగసునిచ్చి, పైకమును తెచ్చు మొక్క మరియొకటి ఏది? ఒక జాగ్రత్త మాత్రము వలయును. ఆకుల అంచులు రంపమువంటివి. పిల్లలు తిరుగు దారికి ఎడముగా నాటి, పొద మొదట చెత్త చేరకుండ చూడవలెను.

మొగలి కంచె వలన మరియొక మేలు గలదు. ఋషికుల్యా ముఖమునకు తాబేళ్ళు వేలకొలదిగా వచ్చి గ్రుడ్లు పెట్టుట 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించినది మొదలు మన తీరము లోకమునకు తెలిసినది. గ్రుడ్డు చీల్చుకొని వచ్చిన పిల్లలు వెలుతురుగా నున్న దిక్కునకు ప్రాకును. మామూలుగా అది సముద్రము. ఇంటి దీపము సముద్రమువైపు వెలిగినచో అవి దారితప్పి ఊరిలోనికి వచ్చి చచ్చును. కావున తోటలో అలంకారమునకు పెట్టు దీపములు కడలివైపు చూడరాదు. మొగలిపొద అడ్డుగా నున్న మరియు మంచిది. తీరమున ప్రాకియున్న బాలబందతీగను, రావణాసురుని మీసములను పీకవలదు. ఎగిరిపోవు ఇసుకను పట్టి యుంచునవి అవియే. తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు తిన్నెపై మనము ఏ చెట్టును నాటవలదు. మన తోట మన హద్దులోపలనే.

నడిమి పట్టీకి నీడచెట్లు ముందు. సముద్రపుగాలికి ఓర్చునవి పొన్న, గంగరావి, వేప. పొన్న ఆకు దళసరి, మెరుపుగలది. తెల్లని పూవు, మంచి వాసన. దాని గింజల నూనె పూర్వము దీపములకు వాడెడివారు. వల అల్లువారు కూర్చుండుటకు గంగరావి నీడ చల్లనిది. ఒక్కొక్క యింటికి ఇట్టి చెట్టు ఒక్కటి చాలును. మునగ తప్పక యుండవలెను. ఆకు, పూవు, కాయ మూడును మనవే. పూలపొదలలో గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనము, కాగితపుపూలు మేలైనవి. వేసవిలో కడమ మొక్కలన్నియు వాడిపోవునపుడు కాగితపుపూల తీగ నిండుగ పూయును. నీరెక్కువైనచో ఆకే గాని పూవుండదు. గడప ప్రక్కన బిళ్ళగన్నేరు, ఎండలో నాచుపూలు, దడిపై శంఖుపుష్పము, జడలోనికి మల్లె. ఇవి చాలును, ఏడాది పొడవునను వాకిలి రంగు తప్పదు. గన్నేరు జోలికి మేకలు పోవు, అది లాభము. కాని ఆకు, పూవు, గింజ అన్నియు విషమే గనుక పసిపిల్లలున్న యింట దానిని చేతికందని చోట నాటవలెను.

కూరమడి వంటింటి ప్రక్కన నుండుటకు కారణము గలదు. ఆ మడికి బావినీరు పోయవలసిన పనిలేదు. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు రోజును ఉచితముగా వచ్చు జమ. పచ్చిచేపలు కడిగిన నీరు కరివేపచెట్టునకు, నిమ్మచెట్టునకు బలమని మన తల్లులకు తెలియును. కాని ఉప్పుచేపలు కడిగిన నీటిని ఏ మొక్కకును పోయరాదు. సముద్రపునీటితో కడిగినదియు అంతే. స్నానపు నీటిని చిన్న కాలువ తీసి అరటికిని, కొబ్బరికిని మళ్ళింపవలెను. సబ్బునీరు ఆకుకూరలపై పడరాదు. మడిలో గోంగూర, గోరుచిక్కుడు, బెండ మొదలగునవి తక్కువ నీటితో కాయును. నాలుగు చదరపు గజముల మడి చాలును. పెద్దది చేసినచో మరల బావిపై పడుదుము.

నేలను బాగుచేయక నీటిని పొదుపు చేయుట చిల్లుకుండలో ధాన్యము పోయుటవంటిది. ఇసుక నీటిని నిలుపదు. ఒక బిందె పోసినచో ముప్పాతిక బిందె వేళ్ళను దాటి క్రిందికి పోవును. కావున గుంత త్రవ్వినపుడు అడుగున కొబ్బరి డొక్కలను వెల్లకిల, గిన్నెలను పేర్చినట్లు పరువవలెను. అవి నీటిని పీల్చి పట్టి, ఐదారేండ్లవరకు పనిచేయును. వానిపై చెరువు మన్ను, మాగిన పేడ, ఇసుక సమపాళ్ళుగా కలిపి నింపవలెను. చేపల వ్యర్థము మంచి ఎరువు; కుక్కలు త్రవ్వకుండ ఎండుటాకులతో కలిపి మూరెడు లోతున పూడ్చవలెను. నాటిన పిమ్మట మొక్క మొదట నాలుగంగుళముల మందమున ఎండుటాకు, సరుగుడు పొరక, గడ్డి కప్పవలెను. బట్టబయలు ఇసుక మధ్యాహ్నమున మన పాదములను ఎట్లు కాల్చునో, మొక్కల వేళ్ళను గూడ అట్లే కాల్చును. కప్పిన నేల చల్లగా నుండి, తడిని ఆవిరి కానీయదు. ఆకులను ఊడ్చి తగులబెట్టు అలవాటు మానవలెను.

నీరు పెట్టుటకు కుండ పద్ధతిని మించినది పేదవానికి లేదు. చీనా దేశమున రెండువేల యేండ్లకు పూర్వమే వ్రాసిన వ్యవసాయ గ్రంథమున ఈ పద్ధతి గలదు. పూత వేయని మట్టికుండను మెడవరకు నేలలో పాతి, నీటితో నింపి, మూత పెట్టవలెను. కుండగోడ చెమర్చి, నేల ఎండిన కొలది నీరు వెలికి వచ్చును. నేల తడిగా నున్నపుడు ఆగిపోవును. మన ఇసుకలో తడి దూరము పోదు గనుక మొక్కను కుండకు జానెడు దూరములోనే నాటవలెను. మూడు నాలుగు దినముల కొకసారి కుండ నింపినచో చాలును. మూత తప్పరాదు, లేనిచో దోమలు చేరును. ఇజ్రాయెలు దేశమున రూపొందిన బిందుసేద్యపు గొట్టములును ఈ పనినే చేయును. ధనమున్నవారు అవి పెట్టుకొనవచ్చును. లేనివారికి కుమ్మరి కుండ యున్నది. ఏ పద్ధతియైనను నీరు పెట్టుట తెల్లవారకముందో, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటనో చేయవలెను.

ఇక నిల్వ. 36,000 లీటర్లు పట్టు తొట్టి మనలో ఎవరును కట్టలేరు, కట్టనక్కరయు లేదు. చూరుకు గొట్టము పెట్టి, 1,000 లీటర్ల తొట్టిని నింపుకొన్నచో చాలును. మన లెక్కలోని కప్పుపై, నాలుగవ వంతు పోయినను, 34 మిల్లీమీటర్ల వాన పడిన అది నిండును. ఏటి తొలివాన కప్పుపైని దుమ్మును, ఉప్పును కడుగును గనుక దానిని పోనిచ్చి, తరువాతి వానను పట్టవలెను. తొట్టి నిండి పొర్లిన నీటిని వీధిలోనికి వదలక, గులకరాళ్ళు నింపిన ఇంకుడుగుంతలోనికి మళ్ళింపవలెను. మరుగుదొడ్డి గుంతకు అది కనీసము 30 అడుగుల ఎడమున నుండవలెను. ఆ నీరు ఇంకి మన మీగడను మందము చేయును. నేలయే మన పెద్ద కొట్టు. దానికి అద్దెయు లేదు, తాళమును లేదు. కాని తాళము లేని కొట్టుకు అందరును కాపలాదారులు కావలెను.

నాటుటకు అదను గలదు. గుంతలు జ్యేష్ఠమున త్రవ్వి యుంచి, రథయాత్ర నాటికి మొక్కలు పెట్టినచో, నాలుగు నెలలు వానయే వానిని సాకును. పొడవు మొక్కకంటె చిన్నమొక్క మేలు. దాని వేరు లోతునకు దిగి, గాలికి నిలుచును. తుపానుల నెలలకు ముందే ఎండుకొమ్మలు నరికి చెట్లను తేలిక చేయవలెను. ఉప్పుగాలి కొట్టిన మరునాడు నిలువ నీటితో ఆకులు కడిగినచో సగము మొక్కలు దక్కును.

"సముద్రము మరల రాదని ఏమి నమ్మకము? నేడో రేపో విడిచిపోవలసిన చోట తోట యెందులకు?" అని మనలో కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఇల్లు కోల్పోయినవారి మాట అది. దానిని తేలికగా తీసివేయరాదు. మొగలి కంచె ఎగురు ఇసుకను ఆపునుగాని సముద్రపు కోతను ఆపలేదు. ఆపునని చెప్పినచో అబద్ధమగును. కాని ఒక్క విషయము గమనింపుడు. నేడు మేము చెప్పిన మొగలి, మునగ, గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనము, కాగితపుపూలు — ఇవన్నియు కొమ్మతో మొలచునవే. చెట్టును మూటగట్టలేమని మొదట అంటిమి, కొమ్మను మూటగట్టవచ్చును. పాత వాడలో మిగిలిన మొదళ్ళనుండియు, బంధువుల యిండ్లనుండియు కొమ్మలు తెచ్చి క్రొత్త వాకిట నాటినచో, అది పాత పెరడే. అట్టి తోటను ఏ కడలియు సమూలముగా తీసికొనిపోలేదు. ఊరిలో ఒక్క యింటనున్నను అందరి యింటనున్నట్లే.

ఇంకొక్క చిన్న మాట. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడిన నాటినుండి మనమిక్కడ అల్పసంఖ్యాక భాషవారము. మన పిల్లలు బడిలో ఒరియా చదువుచున్నారు. అది అవసరమును, గౌరవమును. కాని సజనా యని నేర్చిన బిడ్డకు మునగ యను మాట పెరటిలోనే రావలెను. కియా తెలిసినవానికి మొగలిరేకు తెలియవలెను. నాటునపుడు పిల్లలను ప్రక్కన నిలిపి రెండు పేరులును చెప్పుడు. ఖర్చులేని తెలుగు బడి అది.

తుదకు మూడు మనవులు. మొదటిది, ఈ వానకాలమునకు ప్రతి యింటను చూరు గొట్టము, ఇంకుడుగుంత. రెండవది, ప్రతి హద్దున పది మొగలి పిలకలు. పిలకలు తెప్పించు ఖర్చు మేము భరింతుము. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ప్రతి పున్నమినాడు మన కుర్రవాండ్రు వీధిబావులలో త్రాడు దించి నీటి మట్టము కొలిచి, రుచి చూచి, సంఘపు పుస్తకమున వ్రాయవలెను. మట్టము తరుగుట ముందే తెలిసినచో మోటారులు ముందే ఆపవచ్చును. చిట్టా వ్రాయని అంగడి ఏనాడు మూతపడునో యజమానికే తెలియదు. బావియు అంతే.

మా పచ్చికను పెరికివేసి మూడు వానకాలములు గడచినవి. మోటారు విప్పివేసితిమి. మా కప్పు నీరంతయు గుంతలోనికి పంపుచున్నాము. ఆ వీధిబావి నీరు మరల త్రాగుటకు వచ్చినది. అయినను పూర్వపు తీపి ఇంకను రాలేదని అవ్వ అనుచున్నది. ఆమె పెరటి గన్నేరు కొమ్మయే నేడు మా వాకిట పూచుచున్నది. ఆమె ఆ తీపి వచ్చినదని చెప్పు దినమున మా లెక్క సరిపోయినట్లు భావింతుము.